ఆపే మాటలన్నీ ఒకటి కావు: కట్టు, కళ్లెం, గుదిబండ, ఇంగ్లీషు

అలిపిరి దగ్గర కాసేపు నిలబడి చూస్తే చాలు, మనిషిని ఆపడానికి ఎన్ని పద్ధతులున్నాయో తెలిసిపోతుంది. తిరుమలకు వెళ్లే ప్రతి బండీ తనిఖీ కోసం ఆగాలి. మద్యం, మాంసం, సిగరెట్లు పైకి పోకూడదు. ఘాట్ రోడ్డులో నిర్ణయించిన నిమిషాల కన్నా ముందే చేరిన బండికి జరిమానా పడుతుంది. 2023లో చిరుత దాడి జరిగాక, చిన్నపిల్లలతో నడకదారిలో వెళ్లే వేళలు కుదించారు. మూడు వందల రూపాయల దర్శనం టికెట్లు రోజుకు ఇన్నేనని లెక్క. వీటన్నిటికీ పేపర్లో కనిపించే మాట మాత్రం ఒక్కటే: ఆంక్షలు.

ఇదే సంగతి ఇంగ్లీషులో రాసేవాడికి ఒక్క మాటతో పని జరగదు. బండ్లను ఆపి చూడటం చెక్. మద్యం, మాంసం మీద ఉన్నది బ్యాన్. పిల్లల నడక వేళల మీద పెట్టింది రెస్ట్రిక్షన్. టికెట్లది కోటా. ఘాట్ రోడ్డు నిమిషాలది లిమిట్, అదీ కాస్త విచిత్రమైన లిమిట్. ఎక్కువ కాకూడదని కాదు, తక్కువ కాకూడదని.

ఎస్వీ యూనివర్సిటీ చుట్టుపక్కల గదుల్లో ఉండి బ్యాంకు పరీక్షలకు, కేంద్ర ఉద్యోగాల ఎస్సెస్సీకి చదివే పిల్లల నోట్సుల్లో ఈ మాటలు ఒకే వరసలో ఉంటాయి. రెస్ట్రిక్ట్, రెస్ట్రెయిన్, కర్బ్, చెక్, లిమిట్, హిండర్, వాటి మధ్యలో సమానం గుర్తులు. ఒక మార్కు బిట్టుకు అది సరిపోతుంది. ఖాళీ పూరించమన్నప్పుడు దెబ్బ తింటారు. డాక్టరు ఉప్పు తగ్గించమన్నాడంటే రెస్ట్రిక్ట్ కుదురుతుంది, రెస్ట్రెయిన్ కుదరదు. తాగి గొడవ చేస్తున్నవాణ్ని ఇద్దరు కానిస్టేబుళ్లు పట్టి ఆపారంటే రెస్ట్రెయిన్ రాయాలి, రెస్ట్రిక్ట్ రాస్తే తప్పు. ఉప్పు కదలదు, దాని చుట్టూ గీత గీస్తే చాలు. మనిషి కదులుతున్నాడు, చెయ్యి వేసి పట్టుకోవాలి. తేడా అంతా ఇక్కడే ఉంది: ఆపుతున్నది గీతా, చెయ్యా, తాడా, గోడా?

ఇలా కలిపేసిన తప్పు పర్యాయపదాల పుస్తకాలదేమీ కాదు. పీటర్ మార్క్ రోజెట్ అనే డాక్టరు 1805లో మొదలుపెట్టి 1852లో, డెబ్బై మూడేళ్ల వయసులో అచ్చు వేయించిన థెసారస్‌లో ఆటంకానికి ఒక శీర్షిక, కట్టడికి ఒకటి, నిషేధానికి ఇంకొకటి, హద్దుకు మరొకటి. వాటిని ఒకే బస్తాలో పోసింది పరీక్షల గైడ్లు. (అదే 1852లో మద్రాసులో సి.పి. బ్రౌన్ తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు వెలువడింది. రెండూ ఒకే ఏడాది రావడం ఊరికే కుదిరిన ముచ్చట.)

మన వైపు నుంచి ఇంకో చిక్కు ఉంది. ఈ ఇంగ్లీషు మాటలకు నిఘంటువులు ఇచ్చే అర్థాలు నిరోధం, అవరోధం, నిర్బంధం, నియంత్రణ, నిగ్రహం. చెవికి బరువుగానే ఉంటాయి, కంటికి మాత్రం ఏమీ కనిపించదు. అవరోధానికీ నిరోధానికీ తేడా చెప్పమంటే డిగ్రీ చదివినవాడు కూడా తడుముకుంటాడు. అదే కళ్లెం అంటే ఒక బొమ్మ, గుదిబండ అంటే ఇంకో బొమ్మ, చిక్కం అంటే వేరే బొమ్మ. ఇంగ్లీషు మాటలు కూడా చాలామటుకు పొలం గట్టు మీద, గుర్రపు సాలలో, ఏటి ఒడ్డున పుట్టినవే. వాటిని సంస్కృత పదాలతో కాకుండా పశువుల కొట్టం మాటలతో జత చేస్తే తొందరగా మనసుకు ఎక్కుతాయి.

ఒకే తాడు పోగులు

లాటిన్‌లో స్ట్రింగెరె అనే క్రియ ఉంది. బిగించి లాగడం, గట్టిగా కట్టడం అని దాని అర్థం. దానికి ముందు 'రె' చేరితే వెనక్కి బిగించడం. రెస్ట్రిక్ట్, రెస్ట్రెయిన్ రెండూ అందులోంచి వచ్చినవే. ఒకటి లాటిన్ నుంచి నేరుగా దిగింది, రెండోది ఫ్రెంచి వాళ్ల నోట్లో నాని వచ్చింది. 'కన్' చేరితే అన్ని వైపులా కలిపి కట్టేయడం, అది కన్‌స్ట్రెయిన్. స్ట్రిక్ట్ మాస్టారు, స్ట్రింజెంట్ రూల్సు, కండరం పట్టేస్తే స్ట్రెయిన్, రోజూ అందరి నోటా వినే స్ట్రెస్, అన్నీ ఆ తాడు పోగులే.

డిస్ట్రిక్ట్ కూడా ఆ తాడులోదే. మధ్యయుగాల లాటిన్‌లో డిస్ట్రిక్టుస్ అంటే తప్పు చేసినవాణ్ని పట్టి లొంగదీసే అధికారం. తరువాత ఆ అధికారం చెల్లే మేరకు ఉన్న ప్రాంతానికి అదే పేరయింది. 1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా ఏర్పడింది. 2022 ఏప్రిల్ 4న అందులో కొంత, నెల్లూరులో కొంత కలిపి తిరుపతి జిల్లా అయింది. బోర్డులు మార్చినవాళ్లెవరికీ ఆ మాటలో ఒక తాడు దాగి ఉందని తట్టి ఉండదు.

తెలుగులో ఆ పని చేసేది 'కట్టు'. కట్టడి, కట్టుబాటు, కట్టుదిట్టం, అడ్డుకట్ట, ఆనకట్ట, అన్నీ దాని సంతానమే. లాటిన్ వాడూ తెలుగువాడూ ఆపడం అనగానే ముందు తాడు వైపే చూశారన్నమాట. ఇంకా తమాషా ఏమిటంటే, మనల్ని నిలబెట్టేసే అందాన్ని తెలుగులో 'ఆకట్టుకునే' అందం అంటాం. అందులోనూ కట్టే ఉంది. ఇంగ్లీషులో అలాంటి అందాన్ని అరెస్టింగ్ అంటారు, అది పోలీసుల అరెస్టే. ఒకరి నుంచి ఒకరు అరువు తెచ్చుకోకుండానే ఇద్దరూ ఒకే చోటికి వచ్చారు.

లిమిట్‌ది వేరే కథ. దానికి మూలమైన లిమెస్ అంటే పొలాల మధ్య హద్దుగా వదిలిన బాట. చిత్తూరు పల్లెల్లో చెప్పాలంటే గెనిమ. గెనిమ ఎవరినీ పట్టుకోదు, ఎవరి మీదా చెయ్యి వేయదు. ఇక్కడి దాకా నీది, అవతల కాదు అని ఊరికే పడి ఉంటుంది. అందుకే లిమిట్ అంకెలతో బాగా కలుస్తుంది: వయసు, వేగం, డబ్బు, మార్కులు. కన్ఫైన్‌లోనూ హద్దే ఉంది, కానీ అక్కడ మనిషి హద్దు లోపల ఇరుక్కుని ఉంటాడు. కాలు విరిగి మంచానికే పరిమితమైనవాడు కన్ఫైన్డ్.

పశువుల కొట్టంలో దొరికే అర్థాలు

కర్బ్ అంటే గుర్రం దవడ కింద వంపుగా బిగించే పట్టీ. వంచడం అనే అర్థమున్న ఫ్రెంచి మాట నుంచి వచ్చింది. ధరలకు కళ్లెం, అవినీతికి కళ్లెం అని తెలుగు పేపర్లు పెట్టే హెడ్డింగుల్లో ఉన్నది సరిగ్గా ఇదే. కళ్లెం వేసినంత మాత్రాన గుర్రం ఆగిపోదు, పరుగు అదుపులోకి వస్తుంది. కాబట్టి కర్బ్ అన్నచోట నిషేధం అని రాస్తే తప్పవుతుంది. ధరల్ని ఎవరూ నిషేధించలేరు కదా. రోడ్డు పక్క ఫుట్‌పాత్ అంచు రాయికి ఉన్న పేరు కూడా ఈ మాటే, బ్రిటన్‌లో స్పెల్లింగు మార్చి రాస్తారు.

పగ్గాలకు రెయిన్స్ సరిగ్గా సరిపోతుంది. తెలుగులో పార్టీ పగ్గాలు చేపట్టారంటాం, ఇంగ్లీషులోనూ అదే అంటారు. పగ్గం బిగించడం రెయిన్ ఇన్. ఇష్టమొచ్చినట్టు చేసుకోమని వదిలేయడం ఫ్రీ రెయిన్, అంటే పగ్గాలు వదులు చేయడం. దాన్ని రాజుల పాలన అనే అర్థమొచ్చే స్పెల్లింగుతో రాసి అభాసుపాలయ్యేవాళ్లు ఇంగ్లీషు దేశంలోనే బోలెడంతమంది.

దొంగమేత మేసే ఆవు మెడకు కట్టే మొద్దు గుదిబండ. ఇంగ్లీషులో క్లాగ్ అనే మాటకు పాత అర్థం ఇదే: పశువు పారిపోకుండా కట్టే చెక్క దిమ్మ. ఇప్పుడు మురికి కాలువ పూడుకుపోతే క్లాగ్ అయిందంటారు, దిమ్మను అందరూ మరిచిపోయారు. మూతికి కట్టే చిక్కం మజిల్. నోరు తెరవనివ్వని ప్రభుత్వాల గురించి రాసేటప్పుడు ఈ మాట వాడతారు. ముందరికాళ్లకు బంధం వేయడానికి హాబుల్ ఉంది.

కాళ్ల దగ్గరికి వచ్చాం కాబట్టి ఇంకో రెండు మాటలు. ఫెటర్ అంటే సంకెల, అది ఫుట్‌కు దగ్గరి చుట్టం. ఇంపీడ్‌లో ఉన్నది లాటిన్ పాదం, పాదాలకు బంధం వేయడమని అర్థం. ఆ బంధం విప్పితే ఎక్స్‌పెడైట్. ఆఫీసుల్లో ఫైలును ఎక్స్‌పెడైట్ చేయండని రాసినప్పుడల్లా దాని కాళ్ల కట్లు విప్పమనే అడుగుతున్నారు. ఫైలుకు ఆ కట్లు ఎవరు వేశారన్నది మాత్రం ఆ లెటర్లో ఉండదు.

ఈ మాటలన్నీ ఒకేచోట పనిచేయడం చూడాలంటే పలమనేరు, కుప్పం వైపు పోవాలి. కౌండిన్య అభయారణ్యం అంచు పల్లెల్లో ఏనుగులు చేలమీద పడుతుంటాయి. రైతులు టపాకాయలు కాల్చి, డప్పు కొట్టి, కేకలు వేసి తరుముతారు. ఇది డిటర్. ఆ మాటలో లాటిన్ భయం ఉంది, టెర్రర్ దాని తోబుట్టువు. ఏనుగును ఎవరూ తాకలేదు, అదే భయపడి వెనక్కి పోయింది. చేలో నిలబెట్టే దిష్టిబొమ్మదీ ఇదే పని. కందకం తవ్వినా, సోలార్ కంచె వేసినా అది ప్రివెంట్ చేసే ప్రయత్నం, ఏనుగు భయపడినా పడకపోయినా దాటలేకపోవాలి. కందకం సగం పూడిపోయి, ఏనుగు దిగి ఎక్కడానికి కాస్త కష్టపడిందంటే అది హిండర్. ఆలస్యమయింది, ఆగలేదు. హిండర్‌లో ఉన్నది వెనక అనే అర్థమే, బిహైండ్‌లో వినిపించే ముక్క. కుంకీ ఏనుగుల్ని, అంటే ఈ పనికే మచ్చిక చేసి తయారుచేసిన ఏనుగుల్ని తెచ్చి అడవి ఏనుగును చుట్టుముట్టి గొలుసు వేస్తే అప్పుడు రెస్ట్రెయిన్. శిబిరంలో పెట్టి ఉంచితే కన్ఫైన్. ఒక్క ఏనుగుకు ఐదు మాటలు పట్టాయి, ఏ ఒక్కటీ ఇంకోదాని చోట కూర్చోదు.

ఏనుగు ఉన్నచోట అంకుశం ఉంటుంది. అంకుశం లేనిది నిరంకుశం. ఎవరి మాటా లెక్కచేయని పాలకుణ్ని నిరంకుశుడంటాం, అంటే మావటివాడు లేని ఏనుగు. ఇంగ్లీషులో పట్టపగ్గాల్లేని కోరికనో కోపాన్నో అన్‌బ్రైడిల్డ్ అంటారు, కళ్లెం లేనిది. వాళ్లు గుర్రాన్ని చూశారు, మనం ఏనుగును చూశాం.

నెల జైలుకూ ఏడాది జైలుకూ తేడా

ఈ తేడాలు పండితుల గొడవ అనుకునేవాళ్లు చట్టం చదవాలి. 1860 నాటి ఇండియన్ పీనల్ కోడ్‌లో రాంగ్‌ఫుల్ రెస్ట్రెయింట్, రాంగ్‌ఫుల్ కన్ఫైన్‌మెంట్ అని రెండు నేరాలు పక్కపక్కనే ఉండేవి, 339, 340 సెక్షన్లు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో అవి 126, 127 అయ్యాయి. మనిషికి వెళ్లే హక్కున్న ఒక దిక్కుకు అతన్ని వెళ్లనివ్వకుండా అడ్డుపడితే అది రెస్ట్రెయింట్. వెనక్కి పోవచ్చు, పక్కకు పోవచ్చు, ముందుకే పోలేడు. ఏ దిక్కుకూ పోనివ్వకుండా చుట్టూ ఒక హద్దులో పెట్టేస్తే అది కన్ఫైన్‌మెంట్. మొదటిదానికి గరిష్ఠ శిక్ష ఒక నెల సాధారణ జైలు, రెండోదానికి ఏడాది.

పొలానికి పోయే దారిలో ఎద్దులబండి అడ్డం పెట్టి పక్క రైతును ఆపినవాడు మొదటి రకం. అప్పు తీర్చలేదని మనిషిని గదిలో వేసి గొళ్లెం పెట్టినవాడు రెండో రకం. తెలుగు వార్తల్లో చాలాసార్లు రెండూ 'అక్రమ నిర్బంధం' అయిపోతాయి. దానివల్ల దారికి అడ్డం నిలబడినవాడు గదిలో బంధించినవాడి లెక్కలోకి ఎక్కుతాడు, లేదంటే బంధించినవాడి నేరం పలచబడుతుంది. మొదటిదానికి 'అడ్డగింత' అని రాస్తే ఈ తిప్పలుండవు.

రాజ్యాంగంలోనూ ఇలాంటిదే ఒకటుంది. 19వ అధికరణ భావప్రకటన స్వేచ్ఛ ఇస్తుంది, దాని మీద ప్రభుత్వం రెస్ట్రిక్షన్స్ పెట్టవచ్చంటుంది. 1951లో మొదటి సవరణ చేసినప్పుడు 'రీజనబుల్ రెస్ట్రిక్షన్స్' అని అందులో చేర్చారు. అప్పటి నుంచి కోర్టుల్లో వాదనంతా ఆ విశేషణం చుట్టూనే తిరుగుతోంది. సహేతుకమైన ఆంక్షలని తెలుగు చేస్తున్నాం. బాగానే ఉంది, కానీ సహేతుకం అన్న మాట విని ఎంతమందికి తలకెక్కుతుందో. 'న్యాయమైన మేరకు' అంటే సూటిగా ఉంటుంది.

లోపలి చెయ్యి

ఇంతదాకా ఆపేవాడు వేరు, ఆగేవాడు వేరు. ఇద్దరూ ఒకరే అయినచోట ఇంగ్లీషు మాట మారుస్తుంది. రిఫ్రెయిన్ అంటే తనను తాను ఆపుకోవడం. ఇందులో ఉన్నది లాటిన్ కళ్లెమే. అందుకే ఇంకొకరిని రిఫ్రెయిన్ చేశాను అనడం తప్పు, మన వాళ్లు తరచూ చేసేదే. నోటీసు బోర్డుల మీద 'కైండ్లీ రిఫ్రెయిన్ ఫ్రమ్ స్మోకింగ్' అని రాస్తారు. నీ కళ్లెం నీ చేతిలోనే ఉంది, కాస్త లాగు అనే మర్యాద అది. పక్కనే తెలుగులో 'పొగ త్రాగరాదు' అని ఉంటుంది. అది ఆజ్ఞ, అందులో బతిమాలడం లేదు.

పాటలో పల్లవిని కూడా ఇంగ్లీషులో రిఫ్రెయిన్ అంటారు. అన్నమయ్య తిరిగిన ఊళ్లో ఇది చెప్పకుండా వదిలిపెట్టలేం: ఈ రెండు రిఫ్రెయిన్‌లకూ చుట్టరికం లేదు. పాట రిఫ్రెయిన్ విరవడం అనే అర్థమున్న వేరే లాటిన్ మాట నుంచి వచ్చింది, చరణాన్ని మధ్యమధ్య విరిచి మళ్లీ మొదటికొచ్చేది కాబట్టి.

అబ్‌స్టెయిన్ కూడా స్వయంగా దూరంగా ఉండటమే, తాగుడుకూ ఓటింగుకూ ఎక్కువగా వాడతారు. ఇన్‌హిబిట్ కొంచెం వేరు. స్టేజి ఎక్కగానే గొంతు పెగలని పిల్లవాడు తనను ఆపుకోవడం లేదు, లోపల ఏదో ఆపుతోంది. మొహమాటం అనే మాట ఇక్కడ చక్కగా సరిపోతుంది, నిరోధం అని రాసి పాడుచేయకూడదు.

తెలుగువాళ్లు మాట్లాడేటప్పుడు వీటన్నిటికీ బదులు వాడేది కంట్రోల్. కోపం కంట్రోల్ చేసుకో, షుగర్ కంట్రోల్‌లో లేదు, ట్రాఫిక్ కంట్రోల్. పాతతరం వాళ్లకు కంట్రోలు బియ్యం కూడా తెలుసు. ఇది పుట్టింది తాడులోనూ కాదు, హద్దులోనూ కాదు, లెక్కల్లో. మధ్యయుగాల్లో పద్దులు సరిచూడటానికి రాసుకునే రెండో చుట్టకు కాంట్రా రొటులుస్ అని పేరు. అసలు లెక్కకు ఎదురుగా పెట్టి తప్పు పట్టే లెక్క. ఆ రకంగా చూస్తే రేషన్ షాపుకు కంట్రోలు షాపు అనే పేరు మహా బాగా కుదిరింది. చెక్‌ది ఇంకా దూరపు ప్రయాణం. పర్షియన్ షా, అంటే రాజు, చదరంగం గళ్ల మీదుగా అరబ్బుల నుంచి ఫ్రెంచికి, అక్కడి నుంచి ఇంగ్లీషుకు వచ్చింది. రాజు మీదికి ముప్పు రావడమే చెక్. అలిపిరి చెక్‌పోస్టులో డిక్కీ తెరిచి చూపించే ప్రతివాడూ ఆ కాసేపు చదరంగపు రాజే.

వాక్యంలో వీటి తోకలు కూడా చూసుకోవాలి. బ్యాన్, కర్బ్, క్యాప్, రెస్ట్రిక్షన్ తరువాత ఆన్ వస్తుంది. ప్రివెంట్, ప్రొహిబిట్, రిఫ్రెయిన్ తరువాత ఫ్రమ్. ఫర్‌బిడ్‌కు టు. వాడగా వాడగా నాలుకకు అలవాటవుతుంది, దీని వెనక పెద్ద తర్కం వెతకనక్కర్లేదు.

2025 జూన్‌లో చిత్తూరు జిల్లా అధికారులు బయటి రాష్ట్రాల తోతాపురి మామిడిని జిల్లాలోకి రానివ్వకుండా ఆపారు. కర్ణాటక ముఖ్యమంత్రి అభ్యంతరం చెబుతూ లేఖ రాశారు. ఇంగ్లీషు పత్రికలు దాన్ని బ్యాన్ అన్నాయి, సరైన మాటే. కొన్ని లారీలను రానిచ్చి కొన్నిటిని ఆపి ఉంటే రెస్ట్రిక్షన్, రోజుకు ఇన్ని టన్నులని ఉంటే క్యాప్ లేదా కోటా అయ్యేది. గుజ్జు ఫ్యాక్టరీ గేటు దగ్గర ట్రాక్టరులో కాయ పెట్టుకుని వరసలో కూర్చున్న రైతుకు ఈ మూడింటిలో ఏది అమలవుతోందన్నది చిన్న విషయం కాదు. బ్యాన్ అయితే పక్క రాష్ట్రం కాయ రాదు, కోటా అయితే కొంత వస్తుంది, ఆ మేరకు ధర మీద దెబ్బ పడుతుంది.

ఆఫీసు ఉత్తరాల్లో ఎదురయ్యే వల ఒకటుంది: 'ఐ యామ్ కన్‌స్ట్రెయిన్డ్ టు'. కన్‌స్ట్రెయిన్ అంటే కట్టడి అని బట్టీ పట్టినవాడు, ఆ అధికారి చర్య తీసుకోకుండా ఎవరో ఆపారనుకుంటాడు. నిజానికి అర్థం పూర్తిగా తలకిందులు. అన్ని వైపులా కట్టేస్తే మిగిలిన ఒక్క దారినే పోవాలి కదా, విధిలేక చర్య తీసుకుంటున్నానని రాశాడు. అది బెదిరింపు. విత్‌హెల్డ్‌కు ఇలాంటి తికమక లేదు, పరీక్ష రిజల్టులో ఆ మాట చూసిన ఇంటి టెన్షన్ చెప్పనలవి కాదు. అందులోని 'విత్'కు తోడు అనే అర్థం లేదు, దూరంగా అని పాత అర్థం. మార్కులున్నాయి, ఇవ్వకుండా పట్టుకున్నారు.

ఇక ఇంగ్లీషులోకి పట్టుకుపోలేని కట్టు ఒకటి మిగిలింది. ఈ వైపు పల్లెల్లో తల్లులు 'కడుపు కట్టుకుని చదివించినాం' అంటారు. స్టింట్ దగ్గరికి వస్తుంది: తిండిలోనో ఖర్చులోనో తనకు తాను కోత పెట్టుకోవడం. స్టింట్‌లో కోత ఒక్కటే ఉంది, ఎవరి కోసమో లేదు. స్క్రింప్ అంటే పిసినారి వాసన వస్తుంది. చివరికి ఒక వాక్యమే రాయాల్సి ఉంటుంది: వాళ్లు సగం తిని, బిడ్డకు ఫీజు కట్టారు.